బిభా చౌధురి: కొండ సరిపోయింది, ప్లేటు సరిపోలేదు

(భౌతికశాస్త్రం పీజీ విద్యార్థుల కోసం చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర రెండు ప్రశ్నలు, వాటి జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

కాస్మిక్ కిరణాలను, అంటే అంతరిక్షం నుంచి వచ్చే కణాలను, ఫొటో ప్లేట్ల మీద పట్టి కొలిచిన బిభా చౌధురి పేరు ఎక్కడ వచ్చినా దాని వెనకే "నోబెల్ చేజారిన శాస్త్రవేత్త" అన్న మాట కూడా వస్తోంది. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ ఆమె ఏ ప్లేటు వాడారు, అందులో ఏం కొలిచారు, ఆ కొలత ఎక్కడ ఆగిపోయింది అన్నవి వదిలేసి ఆ ఒక్క మాటే పట్టుకుంటే, ఆమె చేసిన అసలు పని మనకు కనపడకుండా పోతుంది. అందుకని ఇవాళ జీవితచరిత్ర తక్కువ, ప్లేటు ఎక్కువ చెబుతాను.

జీవితం క్లుప్తంగా. 1913లో కలకత్తాలో పుట్టారు. హుగ్లీ జిల్లా భండార్‌హాటి జమీందారీ కుటుంబం. తండ్రి వైద్యుడు. బ్రహ్మసమాజ వాతావరణం కావడంతో ఆడపిల్లల చదువుకు ఇంట్లో అడ్డు లేదు. స్కాటిష్ చర్చ్ కాలేజీలో ఫిజిక్స్ ఆనర్స్, 1936లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ. ఆ బ్యాచ్‌లో ఆడపిల్ల ఆమె ఒక్కరే. పరిశోధన కోసం దేబేంద్ర మోహన్ బోస్ దగ్గరికి వెళ్తే, ఆడపిల్లకు ఇవ్వదగ్గ పని తన దగ్గర లేదని ఆయన మొదట అన్నారని చెబుతారు. ఆమె వదల్లేదు. ఈ డి.ఎం. బోస్ జగదీశ్ చంద్ర బోస్‌కు మేనల్లుడు. 1937 నవంబరులో మేనమామ పోయాక, 1938లో బోస్ ఇన్‌స్టిట్యూట్ బాధ్యత ఈయన మీద పడింది. బిభా కూడా అక్కడే చేరారు.

అదే 1938లో కలకత్తాలో సైన్స్ కాంగ్రెస్ జరిగింది. విదేశాల నుంచి వచ్చినవాళ్లలో జర్మనీ శాస్త్రవేత్త వాల్టర్ బోథే ఉన్నారు. కాస్మిక్ కిరణాలను ఫొటో ప్లేట్ల మీద పట్టవచ్చన్న చర్చ అక్కడ నడిచింది. అంతకు ఏడాది ముందే, 1937లో, వియన్నాకు చెందిన మరియెట్టా బ్లౌ, హెర్తా వాంబాకర్ ఇన్స్‌బ్రుక్ దగ్గర హాఫెలెకార్ కొండ మీద, సుమారు 2,300 మీటర్ల ఎత్తున, ప్లేట్లు నెలల తరబడి ఉంచి, కేంద్రకం బద్దలై నలువైపులా గీతలు పోయిన "నక్షత్రాల"ను చూపించారు. ఈ రంగానికి దారి వేసింది వాళ్లు. వాళ్ల పేర్లు మన పాఠాల్లో బిభా పేరుకన్నా తక్కువగా వినిపిస్తాయి, అది వేరే సంగతి.

కలకత్తా వాళ్లకు ఫొటో ప్లేటే ఎందుకు సరిపడిందంటే, దానికి కరెంటు అక్కర్లేదు. క్లౌడ్ చాంబర్‌ను, అంటే కణం దారిని ఆవిరిలో చూపే పెట్టెను, కొండమీదికి మోయాలంటే అయస్కాంతం, పంపులు, బ్యాటరీలు అన్నీ మోయాలి. ప్లేటు అయితే నల్ల కాగితంలో చుట్టి, పెట్టెలో పెట్టి వదిలేయడమే. పైగా అది రాత్రీపగలూ పనిచేస్తూనే ఉంటుంది. వాళ్లు మూడు ఎత్తులు ఎంచుకున్నారు: డార్జిలింగ్ సుమారు 7,000 అడుగులు, సందక్‌ఫూ సుమారు 12,000, టిబెట్‌లోని ఫారీ జోంగ్ సుమారు 14,500.

ఎత్తు ఎందుకు కావాలో ఒక లెక్క చెబుతాను. మనం ఇప్పుడు పయాన్ అంటున్న కణం ఆయుష్షు సెకనులో కోటో వంతు కన్నా తక్కువ, 26 నానోసెకన్లు. కాంతివేగంతో పోయినా అంతలో 8 మీటర్లు దాటదు. సాపేక్షత వల్ల వేగంగా పోయేవాటికి ఆయుష్షు పెరుగుతుంది కానీ, ప్లేటులో ఆగిపోయేంత నెమ్మదిగా ఉన్న పయాన్‌కు ఆ లాభం లేదు. అంటే ప్లేటులో ఆగిన పయాన్ ఆ చుట్టుపక్కలే పుట్టి ఉండాలి. దాన్ని పుట్టించగల కణాలు కొండమీదే ఎక్కువ. సముద్రమట్టానికి వచ్చేసరికి గాలి వాటిని చాలావరకు తినేస్తుంది. మ్యూయాన్ సంగతి వేరు. దాని ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు, కేంద్రకాలతో గట్టిగా తగులుకోదు, కిందిదాకా వస్తుంది.

ఇప్పుడు చెప్పిన ఈ రెండు పేర్లూ ఆ రోజుల్లో లేవు. 1935లో జపాన్ శాస్త్రవేత్త యుకావా ఎలక్ట్రాన్‌కు సుమారు 200 రెట్లు బరువున్న కణం ఒకటి ఉండాలన్నాడు. రెండేళ్లు తిరక్కుండా ఆండర్సన్, నెడ్డర్‌మేయర్ కాస్మిక్ కిరణాల్లో సరిగ్గా అలాంటిదే చూశారు. ఇంకేముంది, యుకావా కణం దొరికిందనే అందరూ అనుకున్నారు. దానికి మెసోట్రాన్ అని పేరు. అది (ఇప్పటి మ్యూయాన్) యుకావా కణం కాదని, అసలుది (ఇప్పటి పయాన్) వేరే ఉందని తేలడానికి 1947 దాకా ఆగాల్సి వచ్చింది. కాబట్టి 1941లో కలకత్తాలో మైక్రోస్కోపు దగ్గర కూర్చున్న ఆమె ముందున్న ప్రశ్న "ఇవి రెండు రకాలా?" అన్నది కానే కాదు. "ఈ మెసోట్రాన్ బరువెంత?" అన్నదే ప్రశ్న.

ఇక ప్లేటు సంగతి. గాజు మీద జెలటిన్ పొర, అందులో చల్లినట్టు సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలు. ఈ పొరనే ఎమల్షన్ అంటారు. విద్యుదావేశం ఉన్న కణం దూసుకుపోతే దారిలో తగిలిన కొన్ని స్ఫటికాలు మార్పు చెందుతాయి. డెవలప్ చేశాక అవి నల్లటి గ్రెయిన్లుగా కనిపిస్తాయి. ఆ గ్రెయిన్ల వరసే ట్రాక్. కణం నెమ్మదైన కొద్దీ శక్తి ఎక్కువ వదులుతుంది కాబట్టి గ్రెయిన్లు దగ్గర దగ్గరగా పడతాయి. వేగంగా పోతే ఎడం ఎడంగా పడతాయి. మరీ వేగంగా పోతే ఏమీ పడదు, ట్రాకే ఉండదు. ఆ హద్దు ఎక్కడన్నది ఎమల్షన్‌లో ఎంత సిల్వర్ ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది.

బోస్, చౌధురి వాడినవి ఇల్‌ఫోర్డ్ కంపెనీ హాఫ్‌టోన్ ప్లేట్లు. ప్రింటింగ్ బ్లాకులు చేసేవాళ్ల కోసం తయారైన సరుకు. కాస్మిక్ కిరణాల కోసం చేసింది కాదు. వాటిలో బాగా నెమ్మదించిన కణాలే కనిపిస్తాయి. మీసాన్ (మెసోట్రాన్‌కు తర్వాత వచ్చిన పేరు) లాంటి తేలిక కణం అయితే దాని ప్రయాణం చివరి ముక్క మాత్రమే పడుతుంది. ఇంతకన్నా సున్నితమైన ఫుల్‌టోన్ ప్లేట్లు తెప్పించుకుందామంటే యుద్ధం వచ్చి పడింది, సరుకు దొరకలేదు.

ఆ ముక్కలో బరువు ఎలా తెలుస్తుంది? రెండు కొలతలున్నాయి.

మొదటిది గ్రెయిన్ల ఎడం. ఒకే వేగంతో బయల్దేరిన రెండు కణాలు ఆగేలోపు పోయే దూరం వాటి బరువును బట్టి ఉంటుంది. ప్రోటాన్ బరువు ఎలక్ట్రాన్‌కు 1,836 రెట్లు, మ్యూయాన్‌ది 207 రెట్లు. నిష్పత్తి దాదాపు 9. అంటే అదే వేగం నుంచి ప్రోటాన్ 9 మిల్లీమీటర్లు పోయి ఆగితే మ్యూయాన్ 1 మిల్లీమీటరుకే ఆగుతుంది. కాబట్టి ట్రాక్ చివరి నుంచి వెనక్కి 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చొప్పున గ్రెయిన్లు లెక్కపెట్టుకుంటూ పోతే, మ్యూయాన్ ట్రాక్‌లో అవి తొందరగా పలచబడతాయి, ప్రోటాన్‌లో నిదానంగా.

రెండోది చెదురు. కణం పొరలో పోతుంటే కేంద్రకాల విద్యుత్ క్షేత్రాలు దాన్ని అటూ ఇటూ కొద్దికొద్దిగా నెడుతుంటాయి. ట్రాక్‌ను సమాన ముక్కలుగా విభజించి, పక్కపక్క ముక్కల మధ్య కోణాలు కొలిచి సగటు తీస్తే, తేలిక కణానికి ఆ సగటు ఎక్కువ వస్తుంది. ఆగేచోటి నుంచి ఒకే దూరంలో పోలిస్తే మ్యూయాన్ సగటు కోణం ప్రోటాన్‌కు సుమారు రెండున్నర రెట్లు. మైక్రోస్కోపు కింద చూడగానే తేడా తెలిసిపోతుంది: ప్రోటాన్ దాదాపు తిన్నగా పోతుంది, మీసాన్ వంకర్లు పోతుంది.

ఈ రెండు కొలతలను జోడించి, విడి ట్రాక్‌ల నుంచి కణం ద్రవ్యరాశి తీయవచ్చని చూపడమే వాళ్ల పద్ధతికి ప్రాణం. 1940 నుంచి 1942 వరకు నేచర్ పత్రికలో వరసగా ప్రచురించారు. వచ్చిన ద్రవ్యరాశి సుమారు 200 ఎలక్ట్రాన్ల బరువు.

ఇప్పుడు ఏం తప్పుతుందో చూద్దాం. పీజీ విద్యార్థులు ఈ భాగం రాసుకోండి.

గ్రెయిన్ల లెక్కకు పెద్ద శత్రువు మాసిపోవడం. కణం వదిలిన గుప్త ముద్ర డెవలప్ చేసేదాకా స్థిరంగా ఉండదు. తేమ, వేడి తగిలితే చెరిగిపోతూ వస్తుంది. కొండమీద నెలల తరబడి ఉంచిన ప్లేటులో మొదటి వారం పడ్డ ట్రాక్ సగం మాసి ఉంటుంది, చివరి వారంలో పడ్డది తాజాగా ఉంటుంది. రెండూ ఒకే ప్లేటులో పక్కపక్కనే ఉంటాయి, ఏది ఎప్పటిదో చెప్పే గుర్తేమీ ఉండదు. మాసిన ట్రాక్‌లో గ్రెయిన్లు పలచగా కనిపించి, కణం అసలుకన్నా వేగంగా పోయినట్టు భ్రమ కలిగిస్తుంది. చెదురు కొలతకు ఈ ఇబ్బంది తక్కువ. కొన్ని గ్రెయిన్లు పోయినా దారి దిశ మారదు.

రెండో చిక్కు పొర కుంచించుకుపోవడం. డెవలపింగ్‌లో సిల్వర్ బ్రోమైడ్ కడిగేశాక, ఆరిన జెలటిన్ మందం మొదటి మందంలో సగానికి, ఒక్కోసారి అంతకన్నా తక్కువకు దిగిపోతుంది. కాబట్టి మైక్రోస్కోపు ఫోకస్ చక్రం మీద చదివిన లోతును తగిన అంకెతో గుణించకపోతే ట్రాక్ పొడవు తప్పు వస్తుంది. ఆరబెట్టడంలో తొందరపడితే పొర పక్కకు కూడా జారుతుంది. తిన్నని ట్రాక్ వంగి కనిపిస్తుంది, ప్రోటాన్ మీసాన్ వేషం వేస్తుంది.

మూడోది పొర పలచదనం. 50 మైక్రాన్ల పొరలో 600 మైక్రాన్ల ట్రాక్ పూర్తిగా ఉండాలంటే అది ప్లేటు తలానికి 5 డిగ్రీలు కూడా మించని వాలులో పోవాలి. మిగతావన్నీ పైకో, గాజులోకో వెళ్లిపోతాయి.

ఇవన్నీ జయించాం అనుకుందాం. అసలు అడ్డు గణాంకాలది. చెదురు పద్ధతిలో ద్రవ్యరాశి కోణం మీద చాలా తీవ్రంగా ఆధారపడుతుంది. సగటు కోణంలో 10 శాతం తప్పు వస్తే ద్రవ్యరాశిలో 20 నుంచి 25 శాతం తప్పు వస్తుంది. మ్యూయాన్ 207, పయాన్ 273. బరువులో తేడా 32 శాతం కనిపిస్తున్నా, సగటు కోణంలో తేడా 12, 13 శాతమే. ఒక ట్రాక్‌లో 25 కోణాలు కొలవగలిగామనుకోండి, అది మంచి ట్రాకే, సగటు కోణం మీద అనిశ్చితి 15 శాతం. ద్రవ్యరాశి మీద 35 శాతం. అంటే 200కు 70 అటూఇటూ. ఆ చాపలో మ్యూయాన్ పడుకుంటుంది, పయాన్ కూడా పడుకుంటుంది.

మరి 10 శాతం కచ్చితత్వం కావాలంటే? సుమారు 300 కోణాలు కావాలి. ఒక్క ట్రాక్ అన్ని ఇవ్వదు. పది, ఇరవై ట్రాక్‌లు కలిపి సగటు తీయాలి. అలా కలపాలంటే అవన్నీ ఒకే రకం కణాలని ముందే ఒప్పుకోవాలి. రెండు రకాలు కలిసి ఉంటే వచ్చే సగటు మధ్యలో ఎక్కడో పడి, చూడ్డానికి ముచ్చటగా ఒకే అంకెలా ఉంటుంది. పైగా యుకావా చెప్పిన 200కు దగ్గరగా ఉంటే దాన్ని ఎవరు అనుమానిస్తారు?

అందుకే ఆమె పయాన్‌ను బ్రిటిష్ శాస్త్రవేత్త పావెల్ కంటే ముందే కనుక్కున్నారని ఖాయంగా రాసేవాళ్లతో నేను ఏకీభవించను. ఆమె ప్లేట్లలో పయాన్లు పడి ఉండే అవకాశం చాలా ఎక్కువ. పావెల్ గారి బ్రిస్టల్ బృందం 1946లో ప్లేట్లు ఉంచిన ఫ్రాన్స్ కొండ పిక్ దు మిది 2,877 మీటర్లే. సందక్‌ఫూ దానికన్నా దాదాపు 750 మీటర్లు ఎత్తు. కొండ సరిపోయింది, ప్లేటు సరిపోలేదు. యుద్ధం ముగిశాక ఇల్‌ఫోర్డ్ కంపెనీ సిల్వర్ బ్రోమైడ్ పాళ్లు బాగా పెంచి, కేంద్రక పరిశోధన కోసమే తయారుచేసిన కొత్త ఎమల్షన్‌లో ట్రాక్‌లు పొడవుగా, చిక్కగా పడ్డాయి. అప్పుడు కూడా పయాన్‌ను పట్టిచ్చింది చెదురు లెక్క ఒక్కటే కాదు. ఒక మీసాన్ ఆగిన చోట నుంచి రెండో మీసాన్ బయల్దేరడం, ఆ రెండోది ప్రతిసారీ దాదాపు ఒకే పొడవు, సుమారు 600 మైక్రాన్లు, పోయి ఆగడం. పొడవు ప్రతిసారీ ఒకటే అంటే శక్తి ఒకటే, అంటే ఒకటి రెండుగా విడిపోయింది. దానికి ఏ సగటూ అక్కర్లేదు. హాఫ్‌టోన్ ప్లేటులో ఆ రెండో ట్రాక్ మొదటి భాగం, అంటే సరిగ్గా రెండు ట్రాక్‌లూ కలిసే కీలు దగ్గరి భాగం, వేగం వల్ల పడదు. కీలు కనపడకపోతే రెండు ట్రాక్‌లకూ సంబంధం ఉందని ఎలా తెలుస్తుంది?

సెసిల్ పావెల్‌కు 1950లో నోబెల్ వచ్చింది. ఎమల్షన్‌లో ప్రోటాన్, మీసాన్ ట్రాక్‌లను చెదురు ద్వారా వేరు చేయవచ్చని బోస్, చౌధురి 1941లోనే చూపారని పావెల్, ఫౌలర్, పెర్కిన్స్ 1959లో వేసిన పెద్ద గ్రంథంలో రాశారు. ఆమెకు దక్కాల్సిన ఘనత ఆ పద్ధతిది. అది చిన్నదేమీ కాదు.

1945లో ఆమె మాంచెస్టర్‌కు వెళ్లారు, పాట్రిక్ బ్లాకెట్ ప్రయోగశాలకు. ప్లేట్లు వదిలి, కణం తగిలితే మోగే గైగర్ కౌంటర్లు పట్టుకున్నారు. ఒక్క కాస్మిక్ కణం గాలిలో లక్షల కణాల జల్లుగా మారి ఒకేసారి నేలను తాకడాన్ని 1938లో పియరీ ఓజే చూపించాడు. ఆ జల్లులో ఎక్కువ భాగం ఎలక్ట్రాన్లు, ఫోటాన్లు, 15 సెంటీమీటర్ల సీసం పెడితే ఆగిపోతాయి. అది కూడా దాటుకుని వచ్చేవే చొచ్చుకుపోయే కణాలు. జల్లులో మొత్తం కణాల సాంద్రతకూ, ఈ చొచ్చుకుపోయేవాటి సాంద్రతకూ సంబంధం ఏమిటన్నది ఆమె అంశం. రెండూ అనుపాతంలో ఉంటాయని తేల్చారు.

ఇలాంటి ప్రయోగాల్లో ఎవరైనా మొదట చేసే తప్పు కౌంటర్లు తక్కువ పెట్టడం. ఒక్కో కౌంటర్ సెకనుకు 10సార్లు మోగుతోంది, సర్క్యూట్ 5 మైక్రోసెకన్లలోపు మోగినవాటిని "కలిసి మోగాయి" అంటుందనుకుందాం. రెండే కౌంటర్లుంటే ఏ జల్లూ లేకుండానే, యాదృచ్ఛికంగా గంటకు మూడు నాలుగు దొంగ సంకేతాలొస్తాయి. మూడో కౌంటర్ చేరిస్తే అదే లెక్క అయిదు నెలలకు ఒకటి. పెద్ద జల్లులు అరుదు కాబట్టి ఈ తేడాయే ప్రయోగాన్ని నిలబెడుతుంది.

1949లో థీసిస్ సమర్పించారు. ఆ ఊరి పత్రిక ఆమెతో ముఖాముఖి వేసింది. అదే ఏడు హోమీ భాభా పిలుపు మీద బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో చేరారు. ఆ సంస్థలో మొదటి మహిళా పరిశోధకురాలు ఆమే. అప్పుడది గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గరి పాత యాట్ క్లబ్ భవనంలో ఉండేది. 1957 దాకా అక్కడ ఉన్నారు. తర్వాత అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ. ఆ కాలంలోనే కోలారు బంగారు గనుల ప్రయోగాల్లో పాలుపంచుకున్నారు. కోలారు మన చిత్తూరు జిల్లా సరిహద్దుకు ఆనుకునే ఉంటుంది. గనుల్లో తెలుగువాళ్లు చాలామంది పనిచేశారు. అక్కడ భూమిలోకి దిగేకొద్దీ మ్యూయాన్లు ఎలా తగ్గుతాయో టాటా సంస్థకు చెందిన నరసింహం, రమణమూర్తి, జపాన్ శాస్త్రవేత్త మియాకేతో కలిసి కొలిచారు. గని అడుగుకు వెళ్లేసరికి మ్యూయాన్లు దాదాపు నిల్. అంత నిశ్శబ్దం దొరికింది కాబట్టే 1965లో రెండు కిలోమీటర్ల పైచిలుకు లోతున వాతావరణ న్యూట్రినోల (గాలిలో పుట్టి, దేనితోనూ దాదాపు తగులుకోని కణాల) జాడ పట్టగలిగారు.

ఆమె తలపెట్టిన చివరి పెద్ద పని మౌంట్ అబూలో, గాలి జల్లులు వెదజల్లే రేడియో తరంగాలు పట్టడం. జల్లులోని ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు భూమి అయస్కాంత క్షేత్రంలో ఎదురెదురు దిక్కులకు వంగుతాయి. ఆ ప్రవాహం నుంచి కొన్ని నానోసెకన్ల రేడియో మెరుపు వస్తుంది. జెల్లీ బృందం 1965లో ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్‌లో 44 మెగాహెర్ట్జ్ వద్ద దీన్ని మొదట పట్టుకుంది. అంటే అది అప్పటికి కొత్త రంగం, ఆమెకు బాగా తెలిసిన జల్లుల రంగానికే కొమ్మ. 1971 డిసెంబరులో ఆ లాబొరేటరీ స్థాపకుడు విక్రమ్ సారాభాయ్ పోయాక ఆ ప్రయోగానికి అనుమతి రాలేదు. స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకుని కలకత్తా వెళ్లిపోయారు. అక్కడ సాహా ఇన్‌స్టిట్యూట్ వాళ్లతో కలిసి పనిచేస్తూ దాదాపు చివరిదాకా పత్రాలు రాస్తూనే ఉన్నారు. 1991 జూన్‌లో కన్నుమూశారు. దేశంలో ఏ సైన్స్ అకాడమీ కూడా ఆమెను ఫెలోగా ఎన్నుకోలేదు. 2019లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఒక నక్షత్రానికి "బిభా" అని పేరు పెట్టింది. సంతోషమే. కానీ 1970లలో ఆమెకు కావాల్సింది నాలుగు యాంటెన్నాలు, కొన్ని ఆంప్లిఫయర్లు.

ప్రశ్న: సార్, అంటే నోబెల్ ఇవ్వాల్సిన పని లేదంటారా?

జవాబు: ఆ ప్రశ్నను రెండు ముక్కలు చేయాలమ్మా. 1950 బహుమతి ఫొటో పద్ధతిని అభివృద్ధి చేసినందుకు, దాంతో మీసాన్ల మీద చేసిన ఆవిష్కరణలకు ఇచ్చారు. రెండో ముక్కలో ఆమెకు వాటా అడగడం కష్టం, కారణాలు చెప్పాను. మొదటి ముక్కలో అడగవచ్చు. కానీ అప్పుడు బ్లౌ ముందు వరసలో నిలబడతారు. బ్రెజిల్ శాస్త్రవేత్త లాటెస్, ఇటలీకి చెందిన ఒక్కియాలినీ కూడా ఉన్నారు, పయాన్ పనిలో వాళ్ల చేతులు నేరుగా ఉన్నాయి. వాళ్లకూ రాలేదు. ఒక్కరికే ఇచ్చారు కాబట్టి గొడవ తెగదు.

ప్రశ్న: ఇప్పుడు ఎవరైనా ఎమల్షన్ వాడుతున్నారా?

జవాబు: వాడుతున్నారు. ట్రాక్‌ను మైక్రాన్ లోపు కచ్చితత్వంతో చూపడంలో దాంతో పోటీపడేవి ఇప్పటికీ తక్కువే. 2017లో ఖుఫు పిరమిడ్ లోపల పెద్ద ఖాళీ ఉందని మ్యూయాన్లతో తెలిసింది కదా, అక్కడ జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు పెట్టినవి ఎమల్షన్ పొరలే. కరెంటు అక్కర్లేని పరికరం కావడం అక్కడా కలిసొచ్చింది. ఇటలీలో గ్రాన్ సస్సో కొండ కింద, న్యూట్రినోల కోసం నడిచిన ఓపెరా ప్రయోగంలో సుమారు 1,50,000 ఇటుకలు పేర్చారు. ఒక్కో ఇటుకలో 57 ఎమల్షన్ ఫిల్ములు, వాటి మధ్య 1 మిల్లీమీటరు మందం సీసం రేకులు. కోణాలు ఇప్పుడు మనిషి కొలవడు. ఓపెరాలోనే యంత్ర మైక్రోస్కోపులు గంటకు 20 చదరపు సెంటీమీటర్లు చదివేశాయి. ఆ ఫిల్ములు జపాన్‌లో తయారయ్యాయి. ఫ్యాక్టరీలో ఉండగానే వాటిలో కాస్మిక్ ట్రాక్‌లు పేరుకుపోతాయి. వాటిని తుడిచేయడానికి ఫిల్ములను అక్కడి తోనో గనిలోకి దించి, చాలా ఎక్కువ తేమలో, కాస్త వెచ్చగా కొన్ని రోజులు ఉంచారు. ఇందాక మాసిపోవడం శత్రువని చెప్పాను కదా, అదే ఇక్కడ పనిముట్టు. పాత ట్రాక్‌లు మాసిపోయాక ఫిల్మును ఆరబెట్టి, ప్యాక్ చేసి ఇటలీకి పంపారు.